శాండీ రో గోడ మీది ముసుగు మనిషి

2005 సెప్టెంబరు చివర్లో, పైచదువు కోసం ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ చేరిన నాలుగో రోజున, నేనూ మా రూమ్మేటూ ఊరి మధ్యకు వెళ్ళి చలికి తట్టుకునే బొంతలు కొనుక్కుని, బస్సు చార్జీ మిగుల్చుకుందామని నడిచి వస్తూ దారి తప్పాము. చేతిలో మ్యాపు లేదు. బొంతలు చంకల్లో ఇమడక జారిపోతున్నాయి. యూనివర్సిటీ దక్షిణాన ఉందన్న ఒక్క లెక్కతో ఒక వీధిలోకి తిరిగేసరికి, ఒక ఇంటి పక్కగోడ నిండా, నిలువెత్తుకు ఎన్నో రెట్లున్న ఒక మనిషి బొమ్మ కనిపించింది. ముఖానికి ముసుగు, చేతుల్లో తుపాకీ, పక్కన పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో ఒక ప్రకటన: మీరిప్పుడు లాయలిస్ట్ శాండీ రోలో ప్రవేశిస్తున్నారు. దానితో పాటే అల్‌స్టర్ ఫ్రీడమ్ ఫైటర్స్ అన్న ఒక సాయుధ దళం పేరు.

తెనాలి కుర్రవాడైన మా రూమ్మేట్ "ఏదో సినిమా పోస్టరయ్యుంటుంది అన్నా, అక్కడ నిలబడండి, ఫొటో తీస్తా" అన్నాడు. బొంతను పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా హత్తుకుని నేను ఆ గోడ ముందు నిలబడ్డాను. కూరగాయల సంచీతో అటుగా వస్తున్న ఒక పెద్దావిడ కెమెరాకు అడ్డం రాకూడదని ఆగిపోయింది. మావాడు రెండు ఫొటోలు తీసేదాకా అలాగే ఓపికగా నిలబడి, ఆ తర్వాత "ఈ రోజు వాన లేదు, అదృష్టం" అన్న ధోరణిలో ఒక మాట చెప్పి, ఆ తుపాకీ కిందుగా నడిచి ఇంటికి వెళ్ళిపోయింది. ఆమె వంక చూశాక గానీ అది పోస్టరు కాదని, ఆమె రోజూ పాలకూ రొట్టెకూ దాటిపోయే సొంత వీధి గోడ అని నాకు తట్టలేదు.

మేము అద్దెకు దిగిన పేట పేరు హోలీల్యాండ్స్. యూనివర్సిటీకి పక్కనే ఉన్న ఆ ఇరుకు వీధులకు జెరూసలేం, పాలస్తీనా, డమాస్కస్, కైరో అన్న పేర్లు పెట్టారు. విద్యార్థులు తప్ప మరొకరు పెద్దగా కనిపించని ఆ పేటలో గోడల మీద పెద్ద రాతలేమీ ఉండేవి కావు. అందువల్లనే, బ్రిటన్‌తోనే ఉండాలనే ప్రొటెస్టెంట్ లాయలిస్టులకూ, ఐర్లండ్‌తో కలవాలనే క్యాథలిక్ రిపబ్లికన్లకూ మధ్య ఊరు ఎంత చీలి ఉందో మాకు కొన్ని వారాల దాకా అర్థం కాలేదు. మేము రావడానికి రెండు నెలల ముందే, జులై 28న, రిపబ్లికన్ల సాయుధ సంస్థ ఐఆర్‌ఏ తన సాయుధ పోరాటాన్ని ముగిస్తున్నట్టు ప్రకటించింది. అంతకు ఏడేళ్ళ ముందు, 1998 ఏప్రిల్‌లో, గుడ్ ఫ్రైడే శాంతి ఒప్పందం కుదిరింది. ముప్పై ఏళ్ళలో మూడున్నర వేల మందికి పైగా చనిపోయిన ఆ గొడవ కాగితాల మీద ముగిసిపోయింది. గోడలకు మాత్రం ఆ కబురు ఇంకా అందలేదు.

గోడ రాతలు నాకు కొత్త కాదు. మాది హన్మకొండ. చిన్నప్పుడు ఎన్నికలొస్తే మా చిన్నబాబాయి సున్నం బకెట్టూ, నీలిమందూ, ఈతమట్ట నలగ్గొట్టి చేసిన కుంచే పట్టుకుని రాత్రంతా తిరిగేవాడు. ముందుగా సున్నం కొట్టి ఒక మూల పార్టీ పేరూ, "రిజర్వు" అన్న మాటా రాసి వస్తే చాలు, మరో పార్టీవాడు ఆ గోడ జోలికి రాడు. ఇంటాయన్ను అడగడమన్నది ఎవరికీ గుర్తొచ్చేది కాదు. ఇక కొన్ని తెల్లవారుజాముల్లో ఎవరూ రిజర్వు చేసుకోని రాతలు జాజురంగులో కనిపించేవి. నక్సల్బరీ ఏకైక మార్గం అని కాలేజీ ప్రహరీ మీద చదివి నేను మా నాన్నను అర్థం అడిగితే, నాన్న నా చెయ్యి పట్టుకుని నడక వేగం పెంచాడు. ఆ మధ్యాహ్నానికి పోలీసులు నిలబడి దగ్గరుండి సున్నం వేయించారు. జాజు తడిసిన సున్నంలోంచి గులాబీరంగుగా పైకి తేలి, ఆ అక్షరాలు మరో ఏడాది దాకా కనబడుతూనే ఉన్నాయి. అందుకని గోడ మీద రాయడమంటే రాత్రిపూట చేసే పని అని, పట్టుబడితే ప్రమాదమని, పగలు చెరిపేస్తారని నా లెక్క. బెల్‌ఫాస్ట్‌లో ఆ లెక్క సగం తప్పింది.

ఎలా తప్పిందో నాకు చెప్పినవాడు క్యాథలిక్ పేట అయిన ఫాల్స్ రోడ్డులో నల్ల టాక్సీ నడిపే ఒక పెద్దమనిషి. ఆ రోడ్డు మీద నల్ల టాక్సీలు అచ్చం మన షేర్ ఆటోల్లా తిరుగుతాయి. నలుగురైదుగురు ఎక్కుతారు, దిగవలసిన చోట నాణెంతో అద్దం మీద టకటకమనిపిస్తారు. నేను వారాంతాల్లో పనిచేసిన శాండ్‌విచ్ దుకాణం ఆ దారిలోనే ఉండటం వల్ల ఆయనతో పరిచయం పెరిగింది. ఆయన చెప్పిన లెక్క ప్రకారం ఆ ఊళ్ళో కుంచె పట్టుకోవడం మొదట పండుగ పని. 1690లో బాయిన్ నది దగ్గర క్యాథలిక్ రాజు మీద గెలిచిన ప్రొటెస్టెంట్ రాజు విలియం తెల్లగుర్రం మీద స్వారీ చేస్తున్న బొమ్మను ప్రొటెస్టెంట్ పేటల్లో జులై 12 పండుగ కోసం వేసేవారు. 1908 నుంచే ఆ ఆనవాయితీ ఉందంటారు. వేసేది పట్టపగలు, పిల్లలు చుట్టూ మూగి చూస్తుండగా, పెద్దలు చందాలు ఇస్తుండగా. రంగు మాసిపోతే మళ్ళీ వేసవిలో దిద్దుతారు. ప్రభుత్వం తమదైనప్పుడు గోడ కూడా తమదే. క్యాథలిక్ పేటల్లో మాత్రం గోడ మీద రాయాలంటే రాత్రి కావాలి, కాపలాకు మనిషి కావాలి. ఇది విన్నప్పుడు మా బాబాయి సున్నం బకెట్టూ, కాలేజీ ప్రహరీ మీది జాజు రాతా పక్కపక్కన నిలిచాయి. ఒకే ఊళ్ళో అవి రెండూ ఎప్పుడూ వేరు వేరు పనులే.

ఆ రాత్రి రాతల విషయం చెబుతూ ఆయన 1980లో ఓర్మో రోడ్డు వైపు జరిగిన ఒక సంగతి చెప్పాడు. గోడ మీద నినాదం రాస్తున్న పదహారేళ్ళ కుర్రవాడిని పోలీసు అధికారి ఒకడు కాల్చి చంపాడు. చేతిలో ఉన్నది తుపాకీ అనుకున్నానన్నాడు. ఉన్నది కుంచె. కోర్టు ఆ అధికారిని నిర్దోషి అని విడిచిపెట్టింది. ఓర్మో రోడ్డు అంటే మా ఇంటికి పక్కనే, మేము శనివారాలు చికెన్ కోసం వెళ్ళే రోడ్డు. ఆ తర్వాత చాలా రోజులు చికెన్ సంచీతో వస్తూ అటు పక్క గోడలన్నీ చూసుకుంటూ నడిచేవాణ్ణి. అక్కడ ఏ గుర్తూ నాకు కనిపించలేదు.

ఆ మరుసటి ఏడాదే, 1981లో, జైలులో రిపబ్లికన్ ఖైదీల నిరాహారదీక్షలు మొదలయ్యాక క్యాథలిక్ పేటల గోడలు ఒక్కసారిగా బొమ్మలతో నిండిపోయాయి. దీక్షలో ఉండగానే ఎన్నికల్లో గెలిచి పార్లమెంటు సభ్యుడైన బాబీ శాండ్స్ 66 రోజుల తర్వాత, మే 5న, ఇరవై ఏడేళ్ళ వయసులో చనిపోయాడు. అతని తర్వాత మరో తొమ్మిది మంది. ఫాల్స్ రోడ్డులో రిపబ్లికన్ల పార్టీ సిన్ ఫేన్ కార్యాలయం పక్కగోడ మీద పొడుగు జుట్టుతో చిరునవ్వు నవ్వుతున్న శాండ్స్ ముఖం ఇప్పటికీ ఉంది, మన పిల్లల నవ్వే మన ప్రతీకారం అన్న అతని మాటతో సహా. టాక్సీ ఆ మూల తిరిగిన ప్రతిసారీ నేను తల తిప్పి చూసేవాణ్ణి. ఇటు శాండీ రోలో ముఖం లేని మనిషి, అటు ఫాల్స్‌లో ముఖం తప్ప మరేమీ లేని మనిషి. ఒకరు భయపెట్టడానికి, ఒకరు మనసు గెలవడానికి అనిపించేది నాకు. టాక్సీ పెద్దాయనకు ఈ మాట చెబితే నవ్వి, మీ ఇద్దరు ముగ్గురు ఫొటోలు తీసుకునేవాళ్ళ కోసం కాదు, అవి మా పిల్లల కోసమే అన్నాడు. అది నిజమే. పక్క పేటవాడు పనిగట్టుకుని వచ్చి చదివేది ఎటూ లేదు. ఆ గోడలు మాట్లాడింది ఎక్కువగా తమవాళ్ళతోనే.

పెద్ద బొమ్మల కంటే నన్ను ఎక్కువ తికమక పెట్టినవి స్ప్రే డబ్బాతో కొట్టిన చిన్న అక్షరాలు. బస్టాపుల మీద, చెత్తడబ్బాల మీద, వంతెనల కింద కే, ఏ, టీ అన్న మూడు అక్షరాలు పదే పదే కనిపించేవి. ఎవడో ప్రేమికుడు క్యాట్ అనే అమ్మాయి పేరు ఊరంతా రాసుకుంటూ తిరుగుతున్నాడని నేను నిర్ధారించుకుని, ఆ మాట శాండ్‌విచ్ దుకాణంలో నాతో పనిచేసే అమ్మాయితో నవ్వుతూ అన్నాను. ఆమె రొట్టె కోస్తున్న కత్తి పక్కన పెట్టి, ఎవరూ వినడం లేదని చూసుకుని, అది క్యాథలిక్కులను తిట్టుపేరుతో పిలిచి అందరినీ చంపమనే నినాదానికి పొడి అక్షరాలని చెప్పింది. దానికి బదులుగా అవతలివైపు రాసే మూడక్షరాలు కూడా ఉన్నాయట. అవి కూడా చెప్పింది. ఆ తర్వాత ఆమె మాట్లాడింది దోసకాయ ముక్కల మందం గురించి.

క్రమంగా మేము కాలిబాట చూసి పేట చెప్పగలిగాము. అంచు రాళ్ళకు ఎరుపు, తెలుపు, నీలం వేసి ఉంటే ప్రొటెస్టెంట్లది, ఆకుపచ్చ, తెలుపు, నారింజ అయితే క్యాథలిక్కులది. ఫాల్స్‌కూ ప్రొటెస్టెంట్ల షాంకిల్‌కూ మధ్య 1969లో తాత్కాలికమని కట్టిన అడ్డుగోడ ఇంకా ఎదుగుతూనే ఉండింది. దాని గేట్లు రాత్రి మూసేవారు. పర్యాటకులు దాని మీద శాంతి కోరుతూ పెన్నులతో సంతకాలు చేసి వెళ్ళేవారు. ఆ సంతకాల పట్ల నాకు గౌరవం కలగలేదని ఒప్పుకోవాలి. రాసి విమానం ఎక్కేవాడికి ఆ గోడతో పనేముంది?

ఫాల్స్ రోడ్డు మొదట్లో, డివిస్ వీధి వైపున, బయటి దేశాల సంగతులకు కేటాయించిన పొడవాటి గోడ ఒకటుంది. అక్కడ పాలస్తీనా జెండా ఉండేది, ఇరాక్ చమురును గొట్టంతో పీల్చుకుంటున్న జార్జి బుష్ ఉండేవాడు, 1845లో ఆ ఊరు వచ్చి బానిసత్వానికి వ్యతిరేకంగా ఉపన్యాసాలిచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ ఉండేవాడు. క్యాథలిక్ పేటల్లో పాలస్తీనా జెండా ఎగిరితే ప్రొటెస్టెంట్ పేటల్లో దీపస్తంభాలకు ఇజ్రాయెల్ జెండా ఎక్కేది. మేమేమో పాలస్తీనా వీధిలో అద్దె కట్టి, జెరూసలేం వీధి స్నేహితుల దగ్గర పప్పు గిన్నె అప్పు తెచ్చుకునేవాళ్ళం.

2007లో ఆ గోడ మీద పికాసో గ్వెర్నికా బొమ్మకు నకలు వెలిసింది. ఆ స్పెయిన్ పట్టణంపై బాంబులు పడి అప్పటికి డెబ్బై ఏళ్ళు. వేసినవాళ్ళలో డానీ డెవెనీ పాత రిపబ్లికన్ ఖైదీ, బాబీ శాండ్స్ బొమ్మ వేసిన చేయి. రెండో చిత్రకారుడు మార్క్ ఎర్విన్ ఆ జనవరిలోనే చనిపోయిన లాయలిస్ట్ నాయకుడు డేవిడ్ ఎర్విన్ కొడుకు. చుట్టూ పచ్చని, ఎర్రని బొమ్మల మధ్య నలుపు తెలుపుల్లో ఉన్న ఆ గుర్రం అరుపు మీదికి ఒక సాయంత్రం ఎండ పడింది. నేను చాలాసేపు నిలబడిపోయి, రావలసిన టాక్సీని వదులుకున్నాను. అక్కడి రంగుల్లో ఎవరిదీ కాని రంగులు ఆ రెండే అని అప్పుడు తోచింది.

మొదట్లో ఆ గోడల గొడవలో నేను ప్రేక్షకుణ్ణి. 2006 చలికాలంలో ఒక ఉదయం, సామాన్లకు వెళ్ళే దారి మలుపులో, స్థానికులు కానివాళ్ళను వెళ్ళిపొమ్మనే నాలుగు మాటలు నల్లటి స్ప్రేతో కనిపించాయి. రంగు ఇంకా చెమ్మగా ఉండి, చివరి అక్షరం నుంచి ఒక చార ఇటుకల మీదుగా కిందికి జారింది. బెల్‌ఫాస్ట్‌లో ఒక గోడ నాతో మాట్లాడటం అదే మొదటిసారి. మా రూమ్మేట్ ఆ దారి మానేసి చుట్టు తిరిగి వెళ్ళడం మొదలుపెట్టాడు. నేను పట్టుదలకు పోయి ఆ దారినే వెళ్ళేవాణ్ణి గానీ తల ఎత్తేవాణ్ణి కాదు. వారం తిరగకముందే ఎదురింటి ముసలాయన, ఇంట్లో మిగిలిన మీగడరంగు పెయింటు డబ్బా తెచ్చి, చిన్న గది గోడలకు వాడే సన్నపు బ్రష్షుతో ఆ మాటలను చెరపడం చూశాను. రంగు కలవలేదు. ఎర్ర ఇటుకల మధ్య మంచం దుప్పటంత మీగడరంగు మచ్చ మిగిలింది. నన్ను చూసి, బ్రష్షు కొంచెం పైకెత్తి, మళ్ళీ పనిలో పడ్డాడు. నేను మాట్లాడించాల్సింది. మాట్లాడించలేదు.

డెర్రీ వెళ్ళింది 2007 వేసవిలో. ఆ ప్రయాణంలో నేను చూసిన గోడ రాత అసలు గోడ మీదే లేదు. 1613లో రాజపత్రంతో ఆ ఊరి పేరుకు ముందు లండన్ చేరి లండన్‌డెర్రీ అయింది. క్యాథలిక్కులు డెర్రీ అనే అంటారు. దారి పొడుగునా బోర్డుల మీద లండన్ అన్న ఆరు ఇంగ్లీషు అక్షరాలను రంగుతో కొట్టేసి, మిగిలిన దాన్ని జాగ్రత్తగా వదిలేశారు. కొన్ని బోర్డుల మీద అధికారులు తుడిచిన గుర్తులు, మళ్ళీ కొట్టేసిన గుర్తులు పొరలు పొరలుగా ఉన్నాయి. మూడేళ్ళ తర్వాత ఒకసారి నేను ఇంటికి వచ్చేసరికి, తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న ఆ రోజుల్లో, మా వైపు బోర్డుల మీద ఆంధ్ర అన్న మాటకు తారు పూసి ఉంది. బండ్ల నంబర్లలో ఏపీ పోయి టీజీ వచ్చింది. కాజీపేట స్టేషను బయట ఆటో నంబరు ప్లేటు చూసి నేను నవ్వితే, డ్రైవరు "ఏంది సార్, నవ్వుతున్నరు?" అని అడిగాడు. ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పాలో తెలియక, ఏమీ లేదన్నాను.

డెర్రీలోని బాగ్‌సైడ్ అనే క్యాథలిక్ పేటలో 1969 జనవరిలో రాసిన వాక్యం ఇంకా నిలబడి ఉంది: మీరిప్పుడు స్వేచ్ఛా డెర్రీలో ప్రవేశిస్తున్నారు. శాండీ రో గోడ మీద నేను చదివింది దీనికే ఎదురు జవాబని అక్కడికి వెళ్ళాక తెలిసింది. ఆ ఇళ్ళన్నీ కూలగొట్టేసినా ఆ వాక్యమున్న ఒక్క పక్కగోడను మాత్రం రోడ్డు మధ్య అలాగే ఉంచేశారు. ఇల్లు లేని గోడ. దానికి కొద్ది దూరంలోనే, 1972 జనవరి 30న బ్రిటిష్ సైనికులు ఊరేగింపు మీద కాల్పులు జరిపి పదమూడు మందిని చంపిన చోటు ఉంది. గాయపడినవారిలో మరొకరు తర్వాత పోయారు.

అక్కడి బొమ్మలన్నిటిలో నాతో వచ్చింది ఒకటే. 1971లో కాల్పుల్లో చనిపోయిన పద్నాలుగేళ్ళ బడిపిల్ల అనెట్ మగావిగన్, బడి దుస్తుల్లో, శిథిలాల ముందు నిలబడి ఉంటుంది. పక్కన తలకిందులుగా ఒక తుపాకీ, పైన ఒక సీతాకోకచిలుక. ముగ్గురు స్థానిక చిత్రకారులు 1999లో ఆ బొమ్మ వేసినప్పుడు శాంతి నిలుస్తుందో లేదోనన్న అనుమానంతో సీతాకోకచిలుకకు రంగు వేయలేదట. 2006లో వచ్చి దానికి రంగులు నింపి, తుపాకీని మధ్యకు విరిచారు. నేను చూసేసరికి ఆ రెక్కల రంగు గోడ మీది మిగతా రంగుల కంటే కొత్తగా, కాస్త ఎక్కువ మెరుస్తూ ఉంది. బొమ్మ వేయడానికీ ముగించడానికీ మధ్య ఏడేళ్ళు ఆగిన కుంచె గురించి నేను తిరుగు ప్రయాణమంతా ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఆ 2006లోనే ఉత్తర ఐర్లండ్ అంతటా తుపాకీ బొమ్మల స్థానంలో వేరే బొమ్మలు వేయించడానికి ఆర్ట్స్ కౌన్సిల్ పూనికతో 33 లక్షల పౌండ్ల పథకం ఒకటి మొదలైంది. ఆ వీధివాళ్ళు ఒప్పుకుంటేనే మార్చాలని నియమం. ముసుగుల స్థానంలో ఫుట్‌బాల్ ఆటగాళ్ళు, ఓడలు, పిల్లల కథల్లోని సింహాలు వచ్చాయి. కొన్ని బాగున్నాయి, కొన్ని దంతవైద్యుడి గది గోడలా ఉన్నాయి. 2012 జూన్‌లో శాండీ రో ముసుగు మనిషి కూడా పోయాడు. అతని చోట రాజు విలియం వచ్చాడు. అప్పటికి నేను ఆ దేశం వదిలి నాలుగేళ్ళు. ఆ ఊళ్ళోనే ఉద్యోగంలో స్థిరపడిన మా రూమ్మేట్ కొత్త గోడ ఫొటో పంపి, "మీ వాడు రిటైరయ్యాడు అన్నా" అని రాశాడు. ఆ గోడ పోయినందుకు నాకు దిగులు కలిగింది. ఆ దిగులుకు సిగ్గుపడ్డాను కూడా. నాకు అది ఇరవై మూడేళ్ళ వయసు, కొత్త బొంత, మొదటి వారం. సంచీ పట్టుకుని ఆగిన ఆ పెద్దావిడకు అది ప్రతి ఉదయం వాకిట్లో నిలబడ్డ తుపాకీ. ఆమె ఊపిరి పీల్చుకుందో, ఆమెకూ నాలాగే ఏదో వెలితిగా అనిపించిందో నేను అడిగే వీలు లేదు.

ఆ రోజు మావాడు తీసిన ఫొటోను నేను ఇంటికి పంపితే, తమ్ముడు స్టూడియోలో ప్రింటు వేయించి అమ్మకిచ్చాడు. ఆ వారం ఫోనులో అమ్మ మొదట అడిగిన మాట: "గాడెవడు బిడ్డా, మొకానికి గుడ్డ గట్టుకున్నడు?" బొమ్మేనమ్మా, గోడ మీది బొమ్మ అని చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని "గసొంటి గోడల కాడ నిలవడకు" అంది. మొన్న దసరాకు వెళ్ళినప్పుడు పాత ఆల్బంలో ఆ ఫొటో దొరికింది. అమ్మ దాన్ని కత్తెరతో నిలువునా కోసేసింది. చుట్టాలకు చూపించాలి కదా, నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారని కోశానంది. మిగిలిన సగంలో బొంత హత్తుకుని నవ్వుతున్న నేనూ, నా భుజం వెనక కొంత గోడా, దాని మీద తెగిపోయిన రెండు ఇంగ్లీషు అక్షరాలూ ఉన్నాయి. ఆ రెండో సగం ఏం చేశావని అడిగితే, పొయ్యిలో వేశానో ఏమో, గుర్తు లేదంది.